యూత్ సొసైటీకి ‘రెన్యూవల్’ ఉందా? ఏటా ఆన్‌లైన్‌లో చేయాల్సిన పని ఏమిటి?

సంఘం పేరు మీద బ్యాంకులో డబ్బు ఉంటుంది. సభ్యులు ఉంటారు, నెల నెలా చందా కూడా వస్తుంటుంది. కానీ చెక్కు రాస్తే బ్యాంకు ఒప్పుకోదు. బ్యాంకు దగ్గర ఉన్న సంతకాలు ఐదారేళ్ల కిందటి కమిటీవి. అప్పటి అధ్యక్షుడు హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు, కార్యదర్శి కువైట్‌లో ఉన్నాడు, కోశాధికారి ‘నాకేం సంబంధం లేదు బాబూ’ అంటున్నాడు. కొత్త కమిటీ ఉందిగా అంటే, ఉంది. మినిట్స్ పుస్తకంలో ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులో లేదు. బ్యాంకుకు కావాల్సింది ఆ రికార్డు.

గోదావరి జిల్లాల్లో చిన్న పట్టణాల నుంచి లంక గ్రామాల దాకా యూత్ వెల్ఫేర్ సొసైటీలు చాలా ఉన్నాయి. జనాజా వాహనం, ఫ్రీజర్ బాక్సు, రక్తదానం, పదో తరగతి పిల్లలకు పుస్తకాలు, రంజాన్‌లో రేషన్ కిట్లు, గోదావరి పొంగినప్పుడు అన్నం పొట్లాలు. ఈ పనులు ఏ మతం వాళ్లు చేసినా దాదాపు ఒకేలా ఉంటాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి కోనసీమ లంకలు మునిగినప్పుడు గానీ, 1986 ఆగస్టులో 35 లక్షలు దాటినప్పుడు గానీ పడవల్లో ముందు తిరిగింది ఇలాంటి ఊరి కుర్రాళ్లే. వరద చెప్పి రాదు. ఆ వేళకి ఖాతా నడవకపోతే కుర్రాళ్ల జేబుల్లో ఉన్నంతవరకే సాయం.

అందుకే ఏటా ఒకసారి చేయాల్సిన ఈ కాగితం పని గురించి వివరంగా చెప్పుకోవాలి. మన దగ్గర దీన్ని అందరూ ‘రెన్యూవల్’ అంటారు. గందరగోళం ఆ మాటతోనే మొదలవుతోంది.

సర్టిఫికెట్‌కు గడువు లేదు

ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీలు రిజిస్టర్ అయ్యేది ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద. కనీసం ఏడుగురు కలిసి, మెమోరాండం, బైలా రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్‌కు ఇన్నేళ్లని కాలపరిమితి లేదు. ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి అనే నిబంధన ఈ చట్టంలో లేదు.

మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువగా యూట్యూబ్ నుంచి. ఉత్తరప్రదేశ్‌లో సొసైటీ రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి. అక్కడి చట్టం అది. హిందీలో, ఉర్దూలో వచ్చే వీడియోలు చాలావరకు అక్కడి పద్ధతినే చెబుతాయి. మనవాళ్లకు భాష అర్థమవుతుంది కాబట్టి రాజమండ్రిలో కూర్చుని లక్నో రూలు పాటించబోతారు. ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ‘రెన్యూవల్ ఫారం ఇవ్వండి’ అని అడుగుతారు. అక్కడ తెలిసినవాడు ఉంటే అలాంటిది లేదంటాడు, తెలియనివాడు ఏదో ఒకటి నింపి డబ్బు తీసుకుంటాడు.

ఇక్కడ ఉన్నది వేరు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి. ఆ తర్వాత గడువులోగా, ఇప్పుడు సంఘాన్ని నడుపుతున్న కమిటీ ఎవరో వాళ్ల పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. లెక్కలు చూపించాలి. అంటే సర్టిఫికెట్ పాతబడదు గానీ, దాని వెనక ఉన్న మనుషుల జాబితా ఏటా పాతబడుతుంది. ఆఫీసులో దీన్ని వార్షిక జాబితా, యాన్యువల్ లిస్ట్ అంటారు. వెబ్‌సైట్లో వెతకాల్సిన మాట కూడా అదే. రెన్యూవల్ అని వెతికితే దొరకదు.

ఇది కొత్త నియమం ఏమీ కాదు. 2001కి ముందు రాష్ట్రంలో రెండు చట్టాలు నడిచేవి. తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలం నాటి 1350 ఫస్లీ పబ్లిక్ సొసైటీల చట్టం, ఆంధ్ర ప్రాంతంలో బ్రిటిష్ వాళ్ల 1860 నాటి 21వ చట్టం. ఈ రెండింటి స్థానంలోనే 2001 చట్టం వచ్చింది. 1860 చట్టంలోనే ఈ జాబితా సంగతి ఉంది: వార్షిక సమావేశం జరిగిన రోజు తర్వాత 14 రోజుల్లోగా ఇవ్వాలి, బైలాలో వార్షిక సమావేశం గురించి రాసుకోకపోతే జనవరి నెలలో ఇవ్వాలి. నూట అరవై ఏళ్లకు పైగా ఉన్న పని ఇది. ఇప్పుడు కాగితం బదులు పీడీఎఫ్ అయింది, అంతే తేడా. సభ అయిన పది రోజుల్లోపు పని ముగించుకుంటే గడువు గురించి తల పట్టుకోవాల్సిన అవసరం రాదు.

ముందు సభ్యుల పుస్తకం సరిచేసుకోవాలి

చాలా సంఘాలు తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చుంటాయి. కంప్యూటర్ చివరి మెట్టు. మొదటిది సభ్యత్వ రిజిస్టర్.

బైలాలో ప్రవేశ రుసుము ఎంత, వార్షిక చందా ఎంత అని రాసి ఉంటుంది. రిజిస్టర్ చేసిన రోజు ఎవరో రాసిచ్చిన నమూనా అది, తర్వాత ఎవరూ తెరిచి చూడరు. అందులో ఏడాదికి 120 రూపాయలు అని ఉంటే, ఆ 120 కట్టినవాళ్లే ఆ ఏడాది సభ్యులు. శుక్రవారం నమాజ్ తర్వాత డబ్బాలో వేసిన చందా వేరు, సభ్యత్వ రుసుము వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే, సభలో ఎవరికి ఓటు ఉందో ఎవరూ చెప్పలేరు. 1860 చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉండేది: మూడు నెలలకు మించి చందా బకాయి పడ్డ వ్యక్తికి ఓటు లేదు, అతన్ని సభ్యుడిగా లెక్కపెట్టరాదు. అదే నమూనా నేటికీ చాలా సంఘాల బైలాల్లో కనిపిస్తుంది. మీ బైలాలో ఏముందో తీసి చదవండి. దానికి ఒక గంట చాలు.

సభ్యత్వ రుసుముకు విడిగా రసీదు పుస్తకం పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో కట్టించుకుంటే ఆ క్యూఆర్ కోడ్ ఎవరి పేరు మీద ఉందో చూడాలి. సంఘం ఖాతాకు తీసుకోవడం ఆలస్యమవుతుందని కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరు ఇచ్చేస్తుంటారు. సంవత్సరం చివర ఆ డబ్బు అతని ఖాతాలో అతని జీతంతో, అతని చెల్లెలి పెళ్లి ఖర్చుతో కలిసిపోయి ఉంటుంది. అతను నూటికి నూరు పాళ్లు నిజాయితీపరుడే కావచ్చు. అయినా ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో అది అతని ఖాతాకు వచ్చిన డబ్బు. పాన్ నంబరులో నాలుగో అక్షరం చూస్తే తేడా తెలుస్తుంది: ‘పి’ అంటే వ్యక్తి. సంఘం పాన్‌లో అక్కడ వ్యక్తుల సమూహానికి ‘ఎ’ అనో, ట్రస్టుకు ‘టి’ అనో ఉంటుంది. సంఘం ఖాతాకు వ్యక్తి పాన్ ఇచ్చి ఉంటే ఈ ఏడాదే మార్పించుకోవడం మంచిది.

వయసు సంగతి ఒకటి ఉంది. కేంద్రం 2014 జాతీయ యువజన విధానంలో యువత అంటే 15 నుంచి 29 ఏళ్లు. మన యూత్ సొసైటీల్లో 29 దాటని అధ్యక్షుణ్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సొసైటీ చట్టానికి దాంతో ఇబ్బంది లేదు, పేరులో యూత్ ఉన్నంత మాత్రాన వయసు పరిమితి రాదు. బైలాలో మీరే ‘18 నుంచి 35’ అని రాసుకుని ఉంటే మాత్రం ఇబ్బందే. 46 ఏళ్ల అధ్యక్షుడి ఎన్నిక చెల్లదని రేపు ఎవరైనా అంటే జవాబు ఉండదు.

సభ, మినిట్స్, సంతకాలు

వార్షిక సర్వసభ్య సమావేశానికి బైలా ప్రకారం ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో అన్ని రోజుల ముందు ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు, దాంతోపాటు ఒక కాగితం మీద సంతకాలు తీసుకుంటే గొడవ ఉండదు. కోరం ఎంతో చూసుకోవాలి. సభలో కనీసం మూడు పనులు జరగాలి: గత ఏడాది లెక్కలు ఆమోదించడం, కమిటీని ఎన్నుకోవడం లేదా ఉన్న కమిటీ కొనసాగుతోందని నమోదు చేయడం, బ్యాంకులో సంతకం ఎవరిదో తీర్మానించడం. మూడోది చాలామంది మర్చిపోతారు. జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలయ్యాక కూడా బ్యాంకు ‘తీర్మానం ఏది?’ అని అడుగుతుంది. అప్పుడు మళ్లీ సభ పెట్టాలి.

తేదీ విషయంలో మన సంఘాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చాలా బైలాల్లో ‘ఏటా రంజాన్ ఈద్ తర్వాత నెల రోజుల్లో’ అని వార్షిక సమావేశం రాసుకుంటారు. అందరూ ఊళ్లో ఉంటారు కాబట్టి సౌకర్యమే. కానీ హిజ్రీ సంవత్సరం ఇంగ్లిష్ సంవత్సరం కన్నా పది పదకొండు రోజులు తక్కువ. ఈద్ ఏటా ముందుకు జరుగుతుంది. లెక్కల సంవత్సరం మాత్రం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా కదలకుండా ఉంటుంది. ఈద్ మార్చి 31కి ముందు వచ్చిన ఏడాది, సభ నాటికి లెక్కల సంవత్సరమే ముగిసి ఉండదు. ఇక దేన్ని ఆమోదిస్తారు? ఇకపై కొన్నేళ్ల పాటు ఈ ఇబ్బంది పెరిగేదే. ఈద్ మిలాప్ ఎప్పటిలా జరుపుకొని, సర్వసభ్య సమావేశాన్ని జూన్, జూలైలకు మార్చుకోవడం మేలు. అయితే అది బైలా సవరణ అవుతుంది. దానికి ప్రత్యేక తీర్మానం కావాలి, దాన్నీ విడిగా దాఖలు చేయాలి. వార్షిక జాబితాలో కలిపి పంపితే కుదరదు.

ఆన్‌లైన్‌లో ఏం అడుగుతారు

స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో సొసైటీలకు, ఫర్ములకు విడిగా సేవలు ఉన్నాయి. భూమి రిజిస్ట్రేషన్ కోసం అందరూ చూసే వెబ్‌సైటే, రిజిస్ట్రేషన్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. పేజీ రూపం అప్పుడప్పుడు మారుతుంటుంది. అడిగే విషయాలు మాత్రం పెద్దగా మారవు: సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, జిల్లా, కమిటీ సభ్యుల వివరాలు, గుర్తింపు కార్డులు, మినిట్స్ నకలు, లెక్కల పత్రం, రుసుము.

నంబరు దగ్గరే మొదటి తడబాటు. సొసైటీ నంబరు రాష్ట్రం మొత్తానికి ఒకటే కాదు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఏడాది ఎన్నోది అని చెప్పే నంబరు. 245/2009 అంటే ఆ ఆఫీసులో 2009లో 245వ సొసైటీ. ఇంకో ఆఫీసులోనూ 245/2009 ఉండొచ్చు. కాబట్టి ఆఫీసు పేరు తప్పు ఎంచుకుంటే వేరే ఊరి సంఘం కనబడుతుంది, లేదా ఏమీ కనబడదు.

గోదావరి జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత తూర్పు గోదావరి మూడుగా విడిపోయింది: రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి, కాకినాడ, అమలాపురం కేంద్రంగా కోనసీమ. పాత పశ్చిమ గోదావరి రెండయింది: భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, ఏలూరు. కొవ్వూరు, నిడదవోలు గోదావరికి పడమటి ఒడ్డునే ఉన్నాయి గానీ ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చాయి. కోనసీమ తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయింది. అంతకుముందే 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఇన్ని మార్పుల మధ్య 2009లో ‘నిడదవోలు, పశ్చిమ గోదావరి జిల్లా’ అని రిజిస్టరైన సంఘం ఇప్పుడు ఏ జిల్లా కింద వెతకాలి? ముందు చూడాల్సింది పాత సర్టిఫికెట్ మీద ఉన్న ఆఫీసు ముద్ర. ఆ ఆఫీసులోనే మొదటి ఫైలు తెరిచారు. అక్కడ అడిగితే రికార్డు ఎక్కడికి బదిలీ అయిందో చెప్తారు. పైగా రిజిస్ట్రేషన్ శాఖ జిల్లాల సరిహద్దులు, కలెక్టర్ గారి జిల్లాల సరిహద్దులు పూర్వం నుంచీ ఒకటి కావు. అందుకని ‘మా జిల్లా ఇదేగా’ అని ఊహించి నొక్కకూడదు.

ఊరు మారలేదు, జిల్లా పేరే మారింది అంటే దాన్ని కార్యాలయం చిరునామా మార్పుగా చూపించనక్కర్లేదు. సంఘం ఆఫీసు నిజంగా ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్లి ఉంటే అది మార్పే, తెలియజేయాలి. మస్జిద్ పక్కన గదిలో మొదలుపెట్టి, తర్వాత ఎవరి షాపు మేడ మీదికో మారిన సంఘాలు ఈ పని చేయక, వచ్చిన నోటీసులు అందక ఇబ్బంది పడతాయి.

రెండో తడబాటు పేర్లు. ‘షేక్’ అనే ఒక్క మాటను ఇంగ్లిష్‌లో మనం నాలుగు రకాలుగా రాస్తాం. ‘మహమ్మద్’ ఒక కార్డులో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ‘ఎండీ’ అని చుక్క పెట్టి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక. పదేళ్ల కిందటి సర్టిఫికెట్‌లో ఇంకోలా. జాబితాలో ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయడం ఒకటే మార్గం. తర్వాత బ్యాంకు తీర్మానంలోనూ అదే స్పెల్లింగు ఉండాలి. పేరు కార్డుల్లోనే వేర్వేరుగా ఉన్నవాళ్లు ముందు కార్డు సరిచేయించుకుని తర్వాత సంతకందారులైతే సంఘానికి సుఖం.

మూడోది ఓటీపీ. ఇది అన్నిటికన్నా ఎక్కువగా పని ఆపేది. మొదటిసారి లాగిన్ తెరిచింది ఎవరో ఒక కుర్రాడు, తన సొంత నంబరుతో. వాడు కోనసీమ కుర్రాళ్లు చాలామంది వెళ్లినట్టే గల్ఫ్ వెళ్లాడు. సిమ్ రీచార్జి లేక ఆగిపోయింది, కొన్నాళ్లకు ఆ నంబరు కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది. ఇప్పుడు సంఘం ఓటీపీ ఎవరికో పోతోంది. దీనికి ముందు జాగ్రత్త చాలా చవక: సంఘం పేరుతో ఒక ఈమెయిల్, సంఘం డబ్బుతో రీచార్జి చేసే ఒక సిమ్. అవి కార్యదర్శి మారినప్పుడల్లా మినిట్స్ పుస్తకం, రబ్బరు స్టాంపులతో పాటు చేతులు మారాలి. అప్పగింత జరిగిందని మినిట్స్‌లో ఒక వాక్యం రాసుకోవాలి.

దరఖాస్తు పంపాక వచ్చే నంబరు, రుసుము రసీదు ప్రింటు తీసి పెట్టుకోవాలి. పంపడంతో పని అయిపోలేదు. ఆఫీసులో చూసి తీసుకున్నాకే జాబితా రికార్డులోకి ఎక్కినట్టు. ఏదైనా లోపం చూపి వెనక్కి పంపితే ఆ సంగతి పోర్టల్‌లోనే కనిపిస్తుంది. పంపి మర్చిపోయిన సంఘానికి ఏడాది తర్వాత తెలుస్తుంది.

రెండు కమిటీలు, రెండు జాబితాలు

గొడవ ఉన్న చోట ఇంకో రకం కథ నడుస్తుంది. ఒక వర్గం ఆదివారం సభ పెట్టి జాబితా వేస్తుంది, ఇంకో వర్గం మంగళవారం. ఎవరు ముందు అప్‌లోడ్ చేస్తే వాళ్లదే కమిటీ అనే నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అది తప్పు. జాబితా దాఖలు కావడం ఒక సమాచారం మాత్రమే, ఎన్నిక సక్రమమని తీర్పు కాదు. అసలు కమిటీ ఏదో తేల్చే న్యాయమూర్తి పాత్ర రిజిస్ట్రార్‌ది కాదు. చట్టం 23వ సెక్షన్ ఇలాంటి తగాదాలకు దారి చూపిస్తుంది: ఆర్బిట్రేషన్, లేదా జిల్లా కోర్టు. అక్కడికి వెళ్తే ముందు అడిగేది సభ్యత్వ రిజిస్టర్, నోటీసు, కోరం. పైన చెప్పిన పుస్తకం అప్పుడు పనికొస్తుంది. కోర్టు దాకా వెళ్లే లోపు ఏం జరుగుతుందంటే, రెండు వర్గాల నుంచీ ఉత్తరాలు అందిన బ్యాంకు ఖాతాను ఆపేస్తుంది. ఇద్దరికీ డబ్బు రాదు.

బ్యాంకు, ట్యాక్స్ వైపు గడువులు

సొసైటీ సర్టిఫికెట్‌కు గడువు లేకపోయినా చుట్టూ ఉన్న మిగతావాటికి ఉంది. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం రెండేళ్లు ఖాతాదారు వైపు నుంచి లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణంలోకి వెళ్తుంది. పదేళ్లు అలాగే ఉంటే డబ్బు డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి బదిలీ అవుతుంది. తర్వాత కూడా అడిగి తెచ్చుకోవచ్చు, కానీ అడిగేవాళ్లు ఎవరో నిరూపించుకోవాలి. మళ్లీ వార్షిక జాబితా దగ్గరికే వస్తాం.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మాత్రం ‘రెన్యూవల్’ నిజంగానే ఉంది. 12ఏ, 80జీ అని అందరూ పిలిచే రిజిస్ట్రేషన్లు ఒకప్పుడు శాశ్వతం. 2021 ఏప్రిల్ నుంచి వాటికి ఐదేళ్ల పరిమితి వచ్చింది, కొత్త సంఘాలకు ముందు మూడేళ్ల తాత్కాలిక అనుమతి. 2025 బడ్జెట్‌లో చిన్న సంస్థలకు 12ఏ వైపు పదేళ్లు చేశారు. ఆ తేదీ మీ ఆర్డర్ మీద ముద్రించి ఉంటుంది, ఫోన్‌లో అలారం పెట్టుకోవాల్సింది దానికి. గడువుకు ఆరు నెలల ముందు నుంచే ఆడిటర్‌తో మాట్లాడుకోవడం మంచిది.

80జీ గురించి మన సంఘాల్లో ఆశ ఎక్కువ, తెలిసింది తక్కువ. దాతకు పన్ను మినహాయింపు దొరుకుతుందని అందరూ అది కావాలంటారు. కానీ ఏదో ఒక మతం లేదా కులం వారి మేలు కోసమే అని ఉద్దేశాల్లో రాసుకున్న సంస్థకు 80జీ రాదు. ‘ముస్లిం యువకుల సంక్షేమం కోసం’ అని మెమోరాండంలో రాసి, రక్తం మాత్రం అందరికీ ఇచ్చే సంఘాలు ఇక్కడ దెబ్బ తింటాయి. చేసే పని అందరికీ అయినప్పుడు ఉద్దేశంలోనూ అదే రాసుకోవాలి. నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే దానికి మినహాయింపు లేదన్న సంగతి కూడా దాతకు ముందే చెప్పాలి. జకాత్, ఫిత్రా డబ్బుకు విడి లెడ్జర్ ఉండాలి. షరియత్ దానికి ఖర్చు చేసే దారులు వేరుగా చెప్పింది, ఆడిటర్‌కూ వేరుగా కనిపించాలి.

ఇది వేరు, అది వేరు

యూత్ సొసైటీ వార్షిక జాబితాతో కలిసిపోయే పేర్లు ఇంకొన్ని ఉన్నాయి. మై భారత్ పోర్టల్ 2023 అక్టోబర్ 31న కేంద్రం మొదలుపెట్టింది. 15 నుంచి 29 ఏళ్ల యువతీయువకులు సొంతంగా అందులో చేరతారు, వాలంటీర్ కార్యక్రమాలు దొరుకుతాయి. అందులో చేరినంత మాత్రాన సొసైటీ జాబితా దాఖలైనట్టు కాదు. ఎన్జీవో దర్పణ్ నీతి ఆయోగ్ వాళ్లది. కేంద్ర శాఖల గ్రాంటుకు దరఖాస్తు చేసేటప్పుడు దాని నంబరు అడుగుతారు. అందులోనూ కమిటీ పేర్లు ఉంటాయి కాబట్టి ఇక్కడ మారినప్పుడు అక్కడా మార్చాలి. 2025 జూన్‌లో వచ్చిన ఉమీద్ పోర్టల్ వక్ఫ్ ఆస్తులది. మస్జిద్, ఖబరస్తాన్ భూముల వివరాలు ముతవల్లీ ఎక్కించేది. మస్జిద్ ఆవరణలో గది వాడుకుంటున్నంత మాత్రాన యూత్ సొసైటీకి ఆ ఆస్తి మీద హక్కు రాదు, ఆ బాధ్యతా రాదు. ఈ రెంటినీ కలిపేసి, మస్జిద్ కమిటీ మినిట్స్‌ను యూత్ సొసైటీ పేరుతో అప్‌లోడ్ చేస్తే వెనక్కి వచ్చేది ఖాయం.

ఏళ్ల తరబడి వేయకపోతే?

ఎక్కువమంది పరిస్థితి ఇదే. నాలుగేళ్లు, ఏడేళ్లు ఖాళీ. అప్పుడు ఒక సలహా తప్పకుండా వినిపిస్తుంది: ‘పాత తేదీలు వేసి మినిట్స్ రాసేద్దాం, ఎవరు చూస్తారు?’ ఎవరో ఒకరు చూస్తారు. కరోనాలో చనిపోయిన సభ్యుడు 2022 సభలో సంతకం చేసినట్టు, దుబాయ్‌లో ఉన్నవాడు అదే రోజు తాడేపల్లిగూడెంలో ఉన్నట్టు కాగితం తయారవుతుంది. తగాదా వచ్చిన రోజు ఎదుటి వర్గం లాయరు ముందు తీసేది ఆ పేజీయే. జరగని సభ జరిగిందని రాసివ్వడం క్రిమినల్ కేసు దాకా పోగలదు.

జరిగింది జరిగినట్టు చెప్పడమే తేలిక. బతికున్న, అందుబాటులో ఉన్న సభ్యులందరికీ నోటీసు ఇచ్చి ఇప్పుడు ఒక సభ పెట్టాలి. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా సభలు జరగలేదు అని మొదటి తీర్మానంలోనే రాయాలి. రాజీనామా చేసినవారి ఉత్తరాలు, చనిపోయినవారి ధ్రువపత్రాల నకళ్లు జత చేయాలి. విదేశాల్లో ఉన్న పాత కార్యదర్శి దగ్గర నుంచి ఒక ఈమెయిల్ చాలు, బాధ్యత వదులుకుంటున్నానని. ఖాళీ ఏళ్లకు బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని, ఉన్నంతవరకు లెక్క రాయాలి. లావాదేవీలు లేని ఏడాదికి ‘లేవు’ అనే రాయాలి. కొత్త కమిటీని ఎన్నుకుని, ఆ కట్ట పట్టుకుని ఆన్‌లైన్‌లో వేసే ముందే ఒకసారి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సొసైటీల సీటు చూసే ఉద్యోగిని కలవడం మంచిది. బకాయి పడిన ఏళ్లకు ఎలా దాఖలు చేయాలో, రుసుము ఎంతో అక్కడే చెప్తారు. సోమవారం కాకుండా వారం మధ్యలో, మధ్యాహ్నం లోపు వెళ్తే భూముల రిజిస్ట్రేషన్ల రద్దీ కాస్త తగ్గి ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్ పోయి ఉంటే అదే రోజు నకలుకు కూడా దరఖాస్తు పెట్టుకుని రావచ్చు. నంబరు, సంవత్సరం తెలిస్తే చాలు.